కృష్ణా డెల్టా గేదెల మేత, హార్మోన్లు

పశువు తినే మేతను బట్టి దాని రక్తంలో హార్మోన్ల మోతాదు మారుతుంది. పాలు, ఎద, చూలు, దూడ ఎదుగుదల, ఎముకల గట్టిదనం అన్నీ ఆ మోతాదుల మీద ఆధారపడినవే. పశువైద్యంలో ఇందుకు బాగా పేరుపడిన ఉదాహరణ పోనీ గుర్రాలది. చక్కెరలు దండిగా ఉన్న పచ్చిక మేసిన పోనీల్లో కొన్నింటికి ఇన్సులిన్ హద్దు మీరి గిట్టలు పాడవుతాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో పాడి అంటే ముందుగా గేదె. ఇక్కడి గేదెది దాదాపు తలకిందులైన పరిస్థితి. ఏడాదిలో ఎక్కువ నెలలు వరిగడ్డి మీదే గడిపే పశువులో ఇన్సులిన్ తక్కువపడుతుంది, ఎద ఆలస్యమవుతుంది, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది.

ప్రాంతం, పశువు

కృష్ణా నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడుమ నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి అందులోని ఊళ్లు. ఉత్తరాన గుడివాడ దాటాక నేల కొల్లేరు పల్లానికి వాలుతుంది. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాయి. కాలువ నీరు అందిన చోటల్లా భూమి వరి మాగాణి అయింది. పచ్చిక బయళ్లు కుంచించుకుపోయాయి. పశువుకు మిగిలినవి పొలం గట్లు, కాలువ ఒడ్లు, మురుగు కాలువలు, పంట కోసిన చేలు. ఇంటి దగ్గర గడ్డివాము ఎలాగూ ఉంటుంది.

ఇక్కడి గేదెల్లో ఎక్కువ భాగం హర్యానా నుంచి వచ్చిన ముర్రా జాతి దున్నలతో తరతరాలుగా నాటు గేదెలను సంకరం చేయగా వచ్చిన గ్రేడెడ్ ముర్రాలు. పాల దిగుబడి పెరిగింది కాబట్టి శరీరానికి కావలసిన శక్తీ పెరిగింది. మేత మాత్రం చాలా ఇళ్లలో పాత నాటు గేదెకు సరిపోయిన పద్ధతిలోనే ఉంది. హార్మోన్ల ఇబ్బందులు చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి.

ఏడాది పొడవునా మేత

సార్వా నాట్లు పడిన దగ్గర్నుంచి కోతల దాకా, అంటే సుమారు జులై నుంచి నవంబరు వరకు, చేలల్లోకి పశువును తోలడం కుదరదు. గట్ల మీద కోసుకొచ్చిన గడ్డి, పోయినేటి వాములోని ఎండుగడ్డి కలిపి వేస్తారు. వానాకాలపు గట్టుగడ్డి పచ్చగా కనిపించినా అందులో నీరెక్కువ. కడుపు నిండుతుంది, శక్తి చాలదు. ముర్రా సంకరాల ఈతలు ఎక్కువగా పడేది కూడా ఈ కాలంలోనే.

కోతల తర్వాత మూడు నెలలు మంచి మేత కాలం. కోతకు కొద్ది రోజుల ముందు, చేలో ఇంకా తడి ఉండగానే, నిలబడి ఉన్న వరిలో పిల్లిపెసర విత్తనం చల్లడం డెల్టాలో పాత అలవాటు. వరి కోసేసరికి మొలక తేరుకుంటుంది. తర్వాత ఆ తీగ మోకాళ్లలోతు అల్లుకుని పశువుకు మేతవుతుంది. మిగిలింది దుక్కిలో కలియదున్నితే వచ్చే వరికి పచ్చిరొట్ట ఎరువు. జనుము కూడా ఇలా రెండు విధాలా పనికొస్తుంది. మినుము వేసిన చేలల్లో గింజ రైతుకు, నూర్చగా మిగిలిన కట్టె, పొట్టు పశువుకు.

ఏప్రిల్ వచ్చేసరికి కాలువలు కట్టేస్తారు. గట్లు ఎండుతాయి. మళ్లీ తొలకరి పడేదాకా వరిగడ్డి, కుడితి, తవుడు, కాస్త తెలకపిండి లేదా పత్తిచెక్క. ఎండ తీవ్రత, మేత కొరత ఒకేసారి వచ్చే రోజులివి.

గుర్రం కడుపు, గేదె కడుపు

గుర్రానికి ఉన్నది ఒకటే పొట్ట. పచ్చికలోని చక్కెరలు, పిండి చిన్నపేగులోనే అరిగి గ్లూకోజుగా రక్తంలో కలుస్తాయి. ఆ వెంటనే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. చలి ప్రాంతాల గడ్డిలో నిల్వ ఉండే ఫ్రక్టాన్ అనే చక్కెర చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి అక్కడ పులుస్తుంది.

గేదె నెమరు వేసే జంతువు. తిన్నది మొదట పెద్దపొట్టలో సూక్ష్మజీవుల చేతిలో పడుతుంది. గడ్డిలోని చక్కెర, పిండి, పీచు అన్నీ అక్కడే పులిసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలవుతాయి. పేగులోంచి నేరుగా రక్తంలో చేరే గ్లూకోజు స్వల్పం. గేదె తనకు కావలసిన గ్లూకోజును కాలేయంలో తయారు చేసుకుంటుంది, అందుకు ప్రధానమైన ముడిసరుకు ప్రొపియోనిక్ ఆమ్లం. ఇన్సులిన్ విడుదలను ప్రేరేపించే వాటిలో అదీ ఒకటి. అందువల్ల గేదెకు ఎంత మేత వేశారన్నదే కాక, ఆ మేత పెద్దపొట్టలో ఏ ఆమ్లంగా మారుతుందన్నదీ ఇన్సులిన్‌ను నిర్ణయిస్తుంది. పీచు మేతలో ఎసిటిక్ ఆమ్లం వాటా ఎక్కువ. గింజ, దాణా, లేత పచ్చిమేత పెరిగేకొద్దీ ప్రొపియోనిక్ వాటా పెరుగుతుంది.

పోనీల్లో పచ్చిక సమస్య

పోనీలు, మరికొన్ని గుర్రపు జాతులు తక్కువ మేతతో నెగ్గుకొచ్చే శరీర తత్వం గలవి. మంచి పచ్చికలో వదిలితే మెడ మీద, తోక మొదట్లో కొవ్వు పేరుకుంటుంది. కొన్నింటిలో కాస్త చక్కెరకే ఇన్సులిన్ అతిగా విడుదలవుతుంది, కణాలు దాని మాట వినవు. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ పెరిగి, అడిపోనెక్టిన్ తగ్గుతుంది. మేత తగలగానే పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు ఇన్సులిన్‌ను ఇంకా ఎగదోస్తాయి.

ఇన్సులిన్ పెరగడం రోగానికి గుర్తు మాత్రమే కాదని, తానే కారణమని 2007లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం చూపింది. ఆరోగ్యంగా ఉన్న పోనీల రక్తంలో గ్లూకోజును మామూలుగా ఉంచి, ఇన్సులిన్‌ను మాత్రం పెంచితే 72 గంటల్లోపే గిట్టల వాపు వచ్చింది. ముసలి పోనీల్లో పిట్యూటరీ గ్రంథి మధ్యభాగం పెరిగి ఏసీటీహెచ్ హార్మోను ఎక్కువైతే ముప్పు మరింత పెరుగుతుంది. ఈ హార్మోను ఆరోగ్యమైన గుర్రాల్లోనూ శరదృతువులో సహజంగా హెచ్చుతుంది. అందుకే పరీక్ష ఫలితాన్ని నెలను బట్టి చదవాలి.

గడ్డిలో చక్కెర తెల్లవారుజామున తక్కువగా ఉండి, ఎండతో పాటు పెరిగి, మధ్యాహ్నం తిరిగాక గరిష్ఠానికి చేరుతుంది. చలి రాత్రుల తర్వాత మాత్రం అది పొద్దున్నే కూడా తగ్గదు. ఈ లెక్కతోనే పోనీలకు మేసే గంటలు కుదించడం, మూతికి చిక్కం తగిలించడం, ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి చక్కెర వదిలించడం చేస్తారు. చలి ప్రాంతాల గడ్డికి భిన్నంగా, డెల్టాలో పెరిగే ఉష్ణమండల గడ్డి జాతులు ఫ్రక్టాన్‌ను కాకుండా పిండిని నిల్వ చేసుకుంటాయి.

డెల్టా గేదెలో ఇన్సులిన్

వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3–4 శాతమే. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మేత మొత్తం మీద కనీసం 7 శాతమైనా ఉండాలి. పైగా వరిగడ్డిలో సిలికా ఎక్కువ కావడంతో అరుగుదల మందగిస్తుంది. అరగని గడ్డి పొట్టలో పేరుకుని ఉంటే పశువు ఇంకా తినలేదు. ఫలితంగా ప్రొపియోనిక్ ఆమ్లం తక్కువ, గ్లూకోజు తక్కువ, ఇన్సులిన్ తక్కువ.

ఈనిన తర్వాత మొదటి రెండు నెలల్లో పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. పాలలోకి పోయే శక్తి తినే మేతలోంచి వచ్చే శక్తిని మించిపోతుంది. పెరుగుదల హార్మోను హెచ్చి ఒంటి కొవ్వును కరిగిస్తుంది. మామూలుగా ఈ హార్మోను మాట విని కాలేయం ఐజీఎఫ్-1 అనే మరో హార్మోనును తయారు చేయాలి. ఇన్సులిన్ తక్కువగా ఉన్నప్పుడు కాలేయంలో పెరుగుదల హార్మోనును అందుకునే గ్రాహకాలు తగ్గిపోతాయి. కనుక పెరుగుదల హార్మోను ఎక్కువగా ఉన్నా ఐజీఎఫ్-1 తక్కువగానే ఉంటుంది. పశువు పాలిస్తూనే చిక్కిపోతుంది.

అతి మేత వల్ల వచ్చే చేటు గేదెకూ తెలియనిది కాదు. పెళ్లిళ్ల రోజుల్లో మిగిలిన అన్నం కుడితి తొట్టిలో పోస్తే, గేదె ఆబగా తిని మర్నాటికి నెమరు ఆపేస్తుంది. పొట్టలో లాక్టిక్ ఆమ్లం పోగై ప్రాణం మీదికి వస్తుంది. బతికి బయటపడిన పశువులో కొన్నిసార్లు గిట్టలు వాచి, నడక కుంటుపడుతుంది. పోనీల్లో ధాన్యం, ఫ్రక్టాన్ అతిగా పులిసినప్పుడు జరిగేదానికి ఇది దగ్గరి చుట్టం. వట్టిపోయిన గేదెను ఈత ముందు బాగా కొవ్వెక్కనిచ్చినా ప్రమాదమే. అది ఈనగానే మేత మానేసి, కొవ్వు ఒక్కసారిగా కరగడంతో కీటోసిస్ పాలవుతుంది.

ఎద, మూగ ఎద

గేదెలో ఎద చక్రం సగటున 21 రోజులు, ముర్రాల్లో చూలు కాలం సుమారు 310 రోజులు. మెదడులోని హైపోథలమస్ విడుదల చేసే జీఎన్‌ఆర్‌హెచ్, పిట్యూటరీ నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లను పలికిస్తుంది. శక్తి లోటులో ఉన్న పశువులో ఎల్‌హెచ్ అలల్లా పలుమార్లు విడుదల కావడం తగ్గుతుంది. అండాశయంలోని పుటిక ఎదగడానికి ఇన్సులిన్, ఐజీఎఫ్-1 కూడా కావాలి. అవి కొరవడితే పుటిక చిన్నదిగా ఉండిపోతుంది. అది విడుదల చేసే ఈస్ట్రోజెన్ చాలక ఎద లక్షణాలు బయటపడవు.

గేదెలో ఎద సహజంగానే గుంభనం. తెల్లవారుజామున అరవడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పూట పాలు తగ్గడం, చేపకుండా ఎగబెట్టడం వంటి చిన్న గుర్తులే రైతుకు ఆధారం. ఆవుల్లో మాదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు. మేత చాలని గేదెలో ఈ గుర్తులు కూడా మాయమవుతాయి. అండం విడుదలైనా ఎద తెలియదు. దీన్నే మూగ ఎద అంటారు. ఎద దాటిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఇలా రెండు మూడు దాటిపోతే ఎండాకాలం వచ్చిపడుతుంది. ఏడాదికో దూడ అనుకున్న గేదె ఏడాదిన్నరకు ఈనుతుంది.

ఎండ, పొద్దు

గేదె పగటి పొద్దు కుదించుకుపోయే రోజుల్లో ఎక్కువగా ఎదకొచ్చే జంతువు. చీకటి గంటలు పెరిగితే మెలటోనిన్ ఎక్కువసేపు విడుదలై ఎద హార్మోన్లను మేల్కొలుపుతుంది. ఉత్తర భారతంలోనూ ఇటలీలోనూ ఈ ప్రభావం గట్టిగా కనిపిస్తుంది. బందరు (మచిలీపట్నం) ఉన్నది 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ ఏడాదిలోకెల్లా పొడవైన పగటికీ పొట్టి పగటికీ తేడా సుమారు రెండు గంటలే. కనుక డెల్టాలో ఎద కాలాన్ని నిర్ణయించడంలో మేత, ఎండలకు వాటా పెరుగుతుంది. కోతల తర్వాత పచ్చిమేత దొరికే నెలలు, చల్లని రాత్రులు, పొట్టి పగళ్లు ఇక్కడ ఒకేసారి కలిసిరావడంతో ఏది ఎంత పనిచేస్తోందో విడదీసి చెప్పడం తేలిక కాదు.

గేదె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. మే నెల ఎండకు ఒళ్లు కాగితే ప్రొలాక్టిన్, కార్టిజోల్ హెచ్చుతాయి. ఒంట్లో వేడి పుట్టకుండా థైరాయిడ్ హార్మోన్లు తగ్గుతాయి. ప్రొలాక్టిన్ హెచ్చితే అండాశయం నెమ్మదిస్తుంది. ఎండదెబ్బకు పశువు మేత తగ్గిస్తుంది, దానివల్ల ఇన్సులిన్ ఇంకా పడిపోతుంది. అందుకే చెరువులో పొర్లాడనివ్వడం, నీళ్లు చల్లడం, మేతను తెల్లవారుజామున, రాత్రిపూట వేయడం ఎద నిలబెట్టే పనులే అవుతాయి.

పాలకేంద్రం లెక్క

డెల్టాలో గేదెపాల ధర వెన్న శాతం మీద కడతారు. పాలలోని వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు పీచులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం. వరిగడ్డి దండిగా తినే గేదె పాలలో వెన్న నిలబడుతుంది. దాణా మరీ పెంచి గడ్డి తగ్గిస్తే ఇన్సులిన్ పెరిగినా, పెద్దపొట్టలో మార్పుల వల్ల వెన్న శాతం పడిపోతుంది. రైతుకు వెన్న శాతం రోజూ పాలకేంద్రంలో చీటీ మీద కనిపిస్తుంది. ఎద ఆలస్యమైన నష్టం నెలల తర్వాత గానీ తెలియదు. గడ్డి మీద మొగ్గు ఎందుకు పోదో ఈ లెక్కలో కొంత ఉంది. పీచు తగ్గించకుండా దానితో పాటు పప్పుజాతి పచ్చిమేత కలపడమే రెండింటికీ మధ్యేమార్గం.

కాల్షియం, భాస్వరం

వరిగడ్డిలోనూ, మురుగు కాలువల వెంట పెరిగే పారాగడ్డి, నేపియర్ వంటి పచ్చిగడ్డిలోనూ ఆక్జలేట్లు ఉంటాయి. ఇవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. రక్తంలో కాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి దాన్ని బయటికి లాగుతుంది. నెమరు వేసే పశువుల పొట్టలో ఆక్జలేట్లను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండటం వల్ల గేదె చాలావరకు తట్టుకుంటుంది. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. ఆక్జలేట్ ఎక్కువున్న ఉష్ణమండల గడ్డి మేసిన గుర్రాల్లో ఈ హార్మోను నెలల తరబడి హెచ్చి, దవడ, ముఖం ఎముకలు మెత్తబడి ఉబ్బుతాయి.

గేదెకు అసలు పరీక్ష ఈనిన రోజు. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోతుంది. వరిగడ్డిలో పొటాషియం ఎక్కువ. అది రక్తాన్ని క్షారం వైపు మళ్లించి పారాథైరాయిడ్ హార్మోనుకు శరీరం స్పందించే తీరును మందగింపజేస్తుంది. అప్పుడు పాలజ్వరం వస్తుంది. వరిగడ్డిలో భాస్వరం మరీ తక్కువ. అది లోపించిన గేదెల్లో ఈనిన కొన్ని వారాలకు ఎర్రరక్తకణాలు పగిలి మూత్రం కాఫీరంగుకు మారుతుంది. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది కాబట్టి తవుడు వేసే ఇళ్లలో ఈ లోటు కొంత పూడుతుంది. రోజుకు 30–50 గ్రాముల ఖనిజ మిశ్రమం సిఫారసు చేయడం వెనుక కారణాలివి.

మొక్కల్లోని హార్మోన్ల వంటి పదార్థాలు

కొన్ని మేత మొక్కల్లో హార్మోన్లను పోలిన, లేదా వాటికి అడ్డుపడే పదార్థాలుంటాయి. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో గొడ్డుపోయాయి. ఆ మొక్కలోని ఈస్ట్రోజెన్ వంటి పదార్థాలే అందుకు కారణమని తేలింది. లూసర్న్‌లో కూడా ఈ తరహా పదార్థం ఉంటుంది.

కృష్ణా మెట్ట ప్రాంతాల్లో విరివిగా కనిపించే సుబాబుల్ ఆకులో మిమోసిన్ ఉంటుంది. పొట్టలో అది మారి థైరాయిడ్ పనిని అడ్డుకుంటుంది. ఆకు అతిగా మేసిన పశువుకు వెంట్రుకలు రాలి, గొంతు గ్రంథి ఉబ్బుతుంది. ఈ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాను హవాయి మేకల పొట్టలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ గుర్తించారు. ఆయన పేరు మీదనే దానికి సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. బూజు పట్టిన మేతదీ ఇదే కోవ. ఫ్యుసేరియం జాతి బూజులు తయారుచేసే జియరలెనోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. తుపాను వానలకు తడిసిన కుప్పలను ఆరబెట్టకుండా వాములు వేస్తే బూజు తప్పదు.

చౌడు, తుపాను

దివిసీమ అంచుల్లో, బందరు తీరాన నేల చౌడు, భూగర్భ జలం ఉప్పన. ఒంట్లో ఉప్పు నిల్వను సరిచూసేది అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టెరోన్. వరిగడ్డి తినే పశువుకు పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ అందుతుంది కాబట్టి లోపలి ఊళ్లలో దాణాలో ఉప్పు కలపాలి. తీరప్రాంతపు ఉప్పునీరు తాగే పశువుకు నీరే భారమై మేత తగ్గుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో మనుషులతో పాటు పశువులను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. సముద్రపు నీరు నిలిచిన చేలు ఉప్పు పట్టాయి. అలాంటి విపత్తు తర్వాత గడ్డివాములూ గట్టుగడ్డీ రెండూ పోతాయి కనుక, పశువుల మందను తిరిగి నిలబెట్టడంలో మొదటి పని మేత సమకూర్చడం.

దిద్దుబాటు

ఎద రాని గేదెకు హార్మోను సూదిమందులు వేయడం వాడుకలో ఉంది. మూగ ఎదలో అండాశయంపై పసుపుకాయ (కార్పస్ లూటియం) ఉంటే ప్రోస్టాగ్లాండిన్ పనిచేస్తుంది. ఓవ్‌సింక్ పద్ధతిలో మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, మరో రెండు రోజులకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, మర్నాడు కృత్రిమ గర్భధారణ చేస్తారు. అయితే అండాశయంలో ఎదిగిన పుటికే లేనప్పుడు ఈ మందులకు ఫలితం అంతంతమాత్రం. పుటిక ఎదగడానికి కావలసింది మేతే. కాబట్టి పశువైద్యులు ముందు ఒంటి పుష్టి చూసి, కడుపులో పురుగులకు మందిచ్చి, ఖనిజ మిశ్రమం మొదలుపెట్టి, ఆపైనే హార్మోన్ల జోలికి వెళ్లడం మంచి పద్ధతి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఈ ప్రాంతానికి దగ్గరి బోధన, వైద్య కేంద్రం.

వరిగడ్డిని బాగుచేసే మార్గం యూరియాతో సుపోషకం చేయడం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగనిస్తారు. మాంసకృత్తుల విలువ 7 శాతం పైకి చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టకూడదు. పప్పుజాతి పచ్చిమేతను మంచు తడి ఆరక ముందే ఖాళీ కడుపుతో మేపితే పొట్ట ఉబ్బుతుంది, అందుకని ముందు కాస్త ఎండుగడ్డి వేసి తోలాలి.

మారుతున్న మేత

కొల్లేరు వైపు చేపల చెరువులు, తీరం వెంట రొయ్యల చెరువులు వ్యాపించి మేతభూమిని తగ్గించాయి. వరికోత యంత్రం వచ్చాక గడ్డి చేలోనే ముక్కలై పడుతోంది. బేలర్‌తో మోపు కట్టించుకోలేని చోట దాన్ని తగలబెడుతున్నారు. యంత్రం బరువుకు అణిగిన చేలో పిల్లిపెసర మొలక దెబ్బతింటుంది. ఇంకోవైపు చెరువు గట్ల మీద, కొబ్బరి తోటల్లో సంకర నేపియర్ పెంచేవారు పెరిగారు. నేపియర్ దిగుబడి ఎక్కువే గానీ పప్పుజాతి మేత ఇచ్చే మాంసకృత్తులు, కాల్షియం దాని ఒక్కదాని వల్ల అందవు. కోతలకు ముందు వరిచేలో పిల్లిపెసర చల్లే అలవాటును నిలుపుకున్న రైతుకు, గేదె తిరిగి ఎదకు రావలసిన నెలల్లో మాంసకృత్తులున్న పచ్చిమేత పెద్ద ఖర్చు లేకుండా చేతికందుతుంది.